పలక మీద దిర్హాం రేటు

మా సిమెంటు దుకాణంలో గల్లా పక్కన ఒక నల్ల పలక వేలాడుతుండేది. బడిపిల్లల పలక కాదు, దానికి నాలుగింతలు. పొద్దున్నే షట్టరు లేపి, అగరుబత్తి ముట్టించి, మా బాపు దాని మీద సుద్దముక్కతో మూడు రేట్లు రాసేవాడు. మొదటిది సిమెంటు బస్తా. రెండోది ఇనుము కిలో. మూడోది దిర్హాం.

సిమెంటు దుకాణంలో దిర్హాం రేటు ఏంటని హైదరాబాద్ నుంచి వచ్చిన కంపెనీ కుర్రాళ్లు నవ్వేవాళ్లు. నిజామాబాద్ నుంచి జగిత్యాలకు వచ్చే రోడ్డు మీద, మెట్‌పల్లి, కోరుట్ల చుట్టుపక్కల పుట్టినవాళ్లెవరూ నవ్వరు. మా గిరాకీ పలక వంక చూస్తే ముందు చూసేది మూడో గీతనే. దిర్హాం ఇరవై పైసలు పెరిగిందంటే "ఇగ స్లాబు ఏసుడే" అనుకుంటూ పోయేవాళ్లు. తగ్గిందంటే "అచ్చే నెల సూద్దాం సేటూ" అని బీడీ ముట్టించుకునేవాళ్లు. బాపు దుబాయి ఎన్నడూ పోలేదు. విమానం దగ్గరగా చూసింది కూడా లేదు. కానీ ఆయన వ్యాపారం మొత్తం దుబాయి మీదే నడిచింది.

అప్పటికి మాది కరీంనగర్ జిల్లానే, జగిత్యాల జిల్లా కాలేదు. నేను జగిత్యాలలో డిగ్రీ రెండో సంవత్సరం. సాయంత్రం బస్సు దిగి నేరుగా దుకాణానికి వచ్చి ఖాతా పుస్తకాలు రాసేవాణ్ణి. ఎర్ర గుడ్డ అట్ట, పొడుగు పుస్తకాలు. ఒక్కో పేజీకి పైన రెండు పేర్లుండేవి. సామాను తీసుకునే తండ్రి పేరు ఒకటి, పైసలు పంపే కొడుకు పేరు ఒకటి. కొడుకు పేరు పక్కన బాపు చిన్నగా 'దు' అనో, 'మ' అనో, 'సౌ' అనో రాసుకునేవాడు. దుబాయి, మస్కట్, సౌదీ. 2008లో 'దు'లే ఎక్కువ. అప్పు ఇవ్వాలా వద్దా అన్నది ఆ ఒక్క అక్షరాన్ని బట్టే తేలేది. బ్యాంకోళ్లు పాసుబుక్కులు, జామీనుదార్లు, సంతకాలు అంటారు. మా బాపు "పోరడు ఏ పని మీద పోయిండు?" అని అడిగేవాడు, అంతే.

దుబాయి ఇల్లు ఒక్కసారి లేవదు. అది మా దగ్గర అందరికీ తెలిసిన లెక్క. ఏజెంటుకు కట్టే 80 వేలు నూటికి మూడు రూపాయల మిత్తికి తెస్తే, నెలకు మిత్తే 2,400. ఉత్త లేబర్ పనికి జీతం ఏడెనిమిది వందల దిర్హాములు. తిండి, ఫోను కార్డు పోను ఇంటికి వచ్చేది ఆరు వేలు. అప్పు తీరేసరికి ఏడాదిన్నర. కాంట్రాక్టు రెండేళ్లు, దాన్నే మా దగ్గర మోత అనేవాళ్లు. కాబట్టి మొదటి మోతంతా అప్పుకే, రెండో మోత చెల్లె పెండ్లికి, మూడో మోతకు ఇంటికి ముగ్గు పోసేది. ఇల్లు కూడా జీతం వచ్చినట్టే లేచేది. ఒక ఎండాకాలం పునాది, మరుసటి ఎండాకాలం పిల్లర్లు, పోరడు ఛుట్టీ మీద వస్తే స్లాబు. మా ఊళ్లలో గూనపెంకల ఇంటి పక్కనే సగం లేచిన పిల్లర్లు, వాటి మీద ఆకాశంలోకి నిక్కిన సలాకలు కనిపించేవి. తుప్పు పట్టకుండా ఆ సలాకలకు సిమెంటు పాలు పూయమని బాపు ప్రతి ఒక్కరికీ చెప్పేవాడు. ఇనుము కొన్నవాళ్లకు అరబస్తా గట్టిపడ్డ సిమెంటు ఉత్తగానే ఇచ్చేవాడు, దంచి కలుపుకోమని.

ఇక అసలు సంగతి. 2008 ఎండాకాలంలో ఇనుము రేటు ఆగకుండా ఎక్కింది. వారానికోసారి పలక తుడిచి రాయాల్సివచ్చేది. పెట్రోలు పెరిగింది, బియ్యం పెరిగినయి, టీవీలో ద్రవ్యోల్బణం 12 శాతం దాటిందని చెప్పేవాళ్లు. అందరికీ ఒకటే భయం, రేపు ఇంకా పెరుగుతదని. బాపు కూడా అదే భయంతో జులైలో మిత్తికి పైసలు తెచ్చి, మిగతాది నిజామాబాద్ డీలరుకు బాకీ పెట్టి ఒక లారీ ఇనుము దింపించాడు. 16 టన్నులు. దుకాణం వెనక గోడకు ఆనించి పేర్చితే నా నడుం దాకా వచ్చింది. ఆ రాత్రి బాపు మంచి ఉషారు మీదున్నాడు. ఆ డీలరుతో ఫోన్లో "ఈ ఏడు మాకు మీరే మొక్కాలె" అని నవ్వుతున్నాడు.

సెప్టెంబర్ 15న అమెరికాలో లీమన్ బ్రదర్స్ దివాళా తీసింది. మేము ఆ రాత్రి వార్తల్లో చూశాం, అట్టపెట్టెలు మోసుకుంటూ మెట్లు దిగుతున్న సూట్లవాళ్లను. "వీళ్లెవల్లు రా?" అన్నాడు బాపు. "బ్యాంకోళ్లు" అన్నాను. "మనకేం బాకీ లేరు గద" అని చానెల్ మార్చాడు. ఆ మాటను మా ఇంట్లో తర్వాత చాలా ఏళ్లు చెప్పుకున్నాం. మొదట్లో నవ్వుకుంటూ.

దసరాకూ దీపావళికీ మధ్య ఇనుము కూలింది. ప్రపంచమంతా కట్టుడు ఆగితే ఇనుముతో ఎవరికి పని? జులైలో కిలో 46కు అమ్మింది జనవరి వచ్చేసరికి 34. మా లారీలో అప్పటికి ఐదు టన్నులు పోయినయి, పదకొండు మిగిలినయి. టన్నుకు 12 వేల చొప్పున లెక్కేస్తే లక్షా ముప్పై రెండు వేలు, ఎవరూ ముట్టుకోకుండానే గోడవారకు పడి ఉన్నచోటే కరిగిపోయింది. గోదాములో ఒక్క సలాక తగ్గలేదు. లెక్కలో మాత్రం తగ్గింది. ఇంటర్లో చదివిన ఏ ఎకనామిక్స్ పాఠమూ నాకంత బాగా ఎక్కలేదు. తెచ్చిన అప్పు మాత్రం తెచ్చినంతే ఉంది, దాని మీద మిత్తి కూడా.

దుబాయి సంగతి మాకు టీవీ కంటే ముందు ఖాతా పుస్తకమే చెప్పింది. అక్టోబర్‌లో జమలన్నీ చిన్నబోయాయి. నెలకు ఐదు వేలు కట్టేవాళ్లు మూడున్నర కట్టారు, నాలుగు కట్టేవాళ్లు రెండు. పైసలైతే వస్తున్నాయి కాబట్టి ఎవరినీ ఏమీ అనలేం. కారణం పేరు ఓటీ. మా వాళ్లకు అసలు జీతం తిండికీ మిత్తికీ సరిపోతే, ఇల్లు లేచేది ఓవర్‌టైమ్ పైసలతోనే. ఉద్యోగం పోక ముందే ఓటీ బందయింది. పేపర్లలో దుబాయి ఇంకా వెలిగిపోతూనే ఉంది. నవంబర్ 20న సముద్రంలో తాటిచెట్టు ఆకారంలో పోసిన దీవి మీద అట్లాంటిస్ హోటల్‌కు ఘనంగా ప్రారంభోత్సవం చేశారు. ఆ రాత్రి కాల్చిన టపాసులు మా వీధిలో అందరం చూశాం. సెలూన్లో టీవీ ముందు కూర్చున్న ఒకాయన "గా దీవి మీద నేను రెండేండ్లు రాళ్లు మోసిన" అని చూపించాడు, మేము ఆయన్ని సినిమా హీరోను చూసినట్టు చూశాం. పది రోజులకు ఆ దీవిని పోసిన నఖీల్ కంపెనీయే 500 మందిని తీసేసింది. కిలోమీటరు ఎత్తున కడతామన్న బురుజును జనవరిలో ఆపేసింది.

దిర్హాం సంగతి మాత్రం విచిత్రం. అది డాలరుకు కట్టేసిన నాణెం, ఒక డాలరుకు 3.67 దిర్హాములు, ఎప్పుడూ అంతే. మన షేర్ మార్కెట్లో పైసలు పెట్టిన విదేశీ కంపెనీలు అన్నీ తీసుకుని వెళ్లిపోతుంటే రూపాయి పడింది, రూపాయి పడితే దిర్హాం ఎక్కింది. 2008 మొదట్లో బాపు పలక మీద 10.70 రాసేవాడు. 2009 మార్చికల్లా 14 దాకా రాశాడు. అట్లాంటి రేటు కోసమే మా ఊళ్లు ఏండ్లకేండ్లు ఎదురుచూసినయి. ఆ రేటు వచ్చిననాడు మార్చుకుందామంటే ఎవరి చేతిలోనూ దిర్హాం లేదు. పలక ముందు నిలబడి ఒక ముసలాయన "గిప్పుడు పెరిగెనా, దీని ముఖం మీద" అని ఉమ్మేశాడు.

అంతకుముందు దుబాయి నుంచి ఒకడు వస్తే వీధికంతా తెలిసేది. జీపు మీద తాళ్లతో కట్టిన అట్టపెట్టెలు, పులిబొమ్మ దుప్పటి, నిడో పాలపొడి డబ్బాలు, టైగర్ బామ్, తలా ఒక సెంటు సీసా. 2009 జనవరి నుంచి వచ్చినవాళ్లు అట్లా రాలేదు. బొంబాయి బస్సు తెల్లవారుజామున నాలుగింటికి మా దుకాణం ముందు ఆగితే, ఒక్క బ్యాగు భుజాన వేసుకుని దిగి, కుక్కలు మొరుగుతుంటే గబగబా ఊర్లోకి నడిచిపోయేవాళ్లు. అడిగితే "ఛుట్టీ మీద అచ్చిన" అనేవాళ్లు. నిజంగానే కొన్ని కంపెనీలు అట్లాగే చెప్పి పంపాయి, జీతం లేని సెలవు, పని ఉన్నప్పుడు పిలుస్తామని. ఇంకొన్ని వీసా క్యాన్సిల్ చేసి టికెట్ చేతిలో పెట్టాయి. రెండింటికీ తేడా వచ్చినవాడు చెప్పడు. మా అమ్మ మాత్రం ఇట్టే పట్టేది. నిజం ఛుట్టీ మీద వచ్చినవాడు రెండోనాడు కటింగ్ చేయించుకుంటాడు, ఆదివారం యాట కూరకు బావమరుదులను పిలుస్తాడు. క్యాన్సిలైనవాడు రెండోనాడు పొలం కాడికి పోతాడు.

మాంద్యం అన్న మాట మా ఊళ్లో ఎవరి నోటా వినలేదు. "దుబాయి పడ్డది" అనేవాళ్లు, గోడ పడ్డట్టు, వాన పడ్డట్టు. పేపర్లు ఆ నెలంతా సత్యం కంప్యూటర్స్ గురించే రాశాయి. జనవరి 7న రామలింగరాజు ఉత్తరం బయటపడ్డాక వేల మంది ఇంజనీర్ల గతేమిటని మొదటి పేజీల నిండా అదే. తప్పని అనను, హైదరాబాద్‌కు అది పెద్ద దెబ్బే. అయితే బొంబాయి బస్సు దిగుతున్న మావాళ్లకు దొరికింది జిల్లా ఎడిషన్ లోపలి పేజీలో రెండు కాలాలు. నలభై ఐదు డిగ్రీల ఎండలో అంతస్తులు లేపినవాళ్ల కంటే, వాటిలో ఏసీ కింద కూర్చునేవాళ్ల ఉద్యోగమే వార్త. అప్పుడు కోపం వచ్చేది, ఇప్పుడు నేనూ హైదరాబాద్‌లో ఏసీ కిందే కూర్చుంటున్నాను కాబట్టి కోపం కాస్త తగ్గింది.

ఇళ్లలో ఏం జరిగిందో మగవాళ్ల కంటే ఆడవాళ్లకే ఎక్కువ తెలుసు. మా దగ్గర దుబాయి పైసలు వచ్చాయని చెప్పడానికి మొదటి గుర్తు, ఇంటావిడ బీడీల చాట పక్కన పెట్టడం. చిన్నప్పటి నుంచీ ఒడిలో చాట పెట్టుకుని తునికాకు కత్తిరించి, జర్దా పోసి, రోజుకు వెయ్యి బీడీలు చుట్టి, వేళ్ల కొసలు నల్లబడ్డ ఆడవాళ్లు, "మా ఆయన వద్దన్నడు" అని గర్వంగా చెప్పుకుని మానేసేవాళ్లు. ఆ ఎండాకాలం అటకల మీది చాటలన్నీ కిందికి దిగాయి. కానీ కార్ఖానాలో తిరిగి ఆకు ఇవ్వాలంటే కార్డు ఉండాలి. పీఎఫ్ తీసుకుని కార్డు వదిలేసుకున్నవాళ్లు వేరేవాళ్ల కార్డు మీద, వాళ్లకు కొంత ముట్టజెప్పి చుట్టాల్సి వచ్చింది. మా ఎదురింటి వదినకు అత్త ఒకటే చెప్పిందట, "కొడుకు దుబాయి పోతడు అత్తడు, కార్డు మాత్రం ఇడ్శిపెట్టకు" అని. ఆ ముసలామె మాట విన్నందుకు ఆ ఇల్లు గట్టెక్కింది. నెలలో పదిహేను రోజులకు మించి ఆకు రాకపోయినా సరే. కరువు పని కూడా ఉండేది, ఉపాధి హామీది. రోజు కూలి వంద కూడా పడేది కాదు, అదీ పోస్టాఫీసు ముందు వారాల తరబడి నిలబడితే. దుబాయిలో క్రేన్ ఎక్కిన మనిషి ఊరి చెరువులో గంపతో మన్ను ఎత్తడానికి మొదటి వారం ఎవరూ రాలేదు. రెండో వారం తలకు రుమాలు గట్టిగా చుట్టుకుని వచ్చారు, ఎండకేనని అనుకున్నాం.

బంగారం కథ వేరు. ఫిబ్రవరిలో పది గ్రాములు 15 వేలు దాటింది. మార్వాడీ దుకాణంలో అదే పుస్తెలతాడుకు ఎక్కువ అప్పు పుట్టింది. అన్నీ పడుతుంటే అదొక్కటే పెరిగి కొందరి పరువు నిలబెట్టింది. ఊరి చిట్టీలో ఇరవై మంది ఉంటే నలుగురు ఎత్తుకున్నాక కట్టడం మానేశారు, చిట్టీ నడిపిన టీచరమ్మ సొంత జీతంలోంచి కట్టుకుంది. జూన్‌లో ఇంగ్లిష్ మీడియం బడి బస్సుల్లో ఒకటి తగ్గింది. అర్ధాంతరంగా ఆగిన గుడి గోపురం చుట్టూ పరంజా కట్టెలు రెండు వానాకాలాలు తడిసి నాచు పట్టినయి, దాతల పేర్లు చెక్కిన చలవరాయి మాత్రం ముందే వచ్చి మంటపంలో గోడకు ఆనించి ఉంది.

ఇప్పటిదాకా చెప్పిందంతా ఒక ఎత్తు. నేను రాయాలనుకుని ఇన్నేళ్లు వాయిదా వేసింది ఇప్పుడు చెప్పేది.

ఆయన పేరు వద్దు. పెద్దబావి దగ్గర ఇల్లు కాబట్టి పెద్దబావి కాక అనేవాణ్ణి. బాపు కంటే రెండేళ్లు చిన్న, బాపును అన్నా అని పిలిచేవాడు, బాపు ఆయన్ని తమ్మీ అనేవాడు. చుట్టరికం లేదు, చిన్నప్పుడు ఒకే బడిలో చదివారు. ఆయన కొడుకు దుబాయిలో స్టీల్ ఫిక్సర్, అంటే పిల్లర్లకు, స్లాబులకు సలాకలు కట్టే పని. రెండో మోతలోనే ఇల్లు మొదలుపెట్టారు. జులైలో దిగిన మా లారీ నుంచే 20 క్వింటాళ్లు తీసుకున్నారు, కిలో 46 చొప్పున 92 వేలు, కొడుకు పేరు పక్కన 'దు'. నవంబర్ వరకు జమలు వచ్చాయి. డిసెంబర్‌లో ఆ పిల్లగాడు పనిచేసే సైటు ఆగిపోయింది. రెండు నెలలు సోనాపూర్ క్యాంపులో జీతం లేకుండా కూర్చున్నాడు. దుబాయిలో కూలీల క్యాంపులుండే ఆ పేటకు బంగారపు ఊరని పేరు ఎవరు పెట్టారో గానీ. ఫిబ్రవరిలో బొంబాయి బస్సు దిగాడు.

అదే నెలలో నిజామాబాద్ డీలరు మనిషిని పంపాడు. ఆ మనిషి మా దుకాణంలో పొద్దంతా కూర్చున్నాడు, ఏమీ అనలేదు, చాయ్ ఇస్తే తాగాడు, అన్నం పెడితే తిన్నాడు. సాయంత్రం లేచి "ఎల్లుండి మల్ల అత్త" అన్నాడు. తిట్టి పోయినా బాగుండేది.

మరునాడు బాపు ట్రాక్టరు మాట్లాడి నన్ను ఎక్కమన్నాడు. ఎక్కడికని అడగలేదు. పెద్దబావి కాక ఇంటి ముందు ఆగాం. పిల్లర్లు లేచాయి, వాటి మీద సలాకలు నిలబడి ఉన్నాయి, సిమెంటు పాలు పూసినవి, తెల్లగా. పక్కన వాడని 12 ఎంఎం మోపులు పాత చీర కప్పి ఉన్నాయి. బాపు వాటి వంక చూశాడు, కాక బాపు వంక చూశాడు. ఇద్దరూ ఒక్క మాట అనుకోలేదు. కాకనే చీర తీసి మడతపెట్టి అరుగు మీద పెట్టాడు. దుబాయి నుంచి వచ్చిన కొడుకు లోపలి నుంచి వచ్చి మోపు ఒక కొస పట్టుకున్నాడు. నేను రెండో కొస పట్టుకున్నాను. వాడు నా కంటే నాలుగేళ్లు పెద్ద. సలాక ఎత్తేటప్పుడు వంగి, ఊగకుండా భుజానికి ఆనించుకునే తీరు చూస్తే, పనివాడంటే ఇట్లా ఉండాలనిపించింది. కాక లెక్కపెట్టాడు. డెబ్బై ఐదు. ఒక్కోటి పదిన్నర కిలోల పైన, మొత్తం 8 క్వింటాళ్లు.

చిన్నమ్మ చాయ్ తెచ్చింది. ఆమె వేళ్లకు బీడీల నలుపు మళ్లీ వచ్చింది. బాపు చాయ్ తాగి గిలాస కింద పెట్టి పుస్తకం తీశాడు. జమ వైపు రాయాలి, కానీ ఏ రేటు? ఇచ్చిననాటి 46 వేస్తే 36,800. ఇయ్యాళ్టి 34 వేస్తే 27,200. తేడా 9,600. నాకు ఆ లెక్క నోటికే వచ్చేసింది, కాక కొడుక్కు కూడా వచ్చే ఉంటుంది, వాడి పెదాలు కదలడం చూశాను.

"నువ్వే ఎయ్యి సేటూ" అన్నాడు కాక.

సేటూ అన్నాడు. అన్నా అనలేదు.

బాపు పెన్ను కాసేపు అట్లాగే పట్టుకున్నాడు. తర్వాత 34 అని రాశాడు.

ట్రాక్టరు మీద వస్తూ నేను ఒక్క మాటా మాట్లాడలేదు. ఆ తర్వాత చాలా నెలలు దుకాణానికి పోయి ఖాతాలు రాయడం మానేశాను, పరీక్షలున్నాయని చెప్పి. ఒకనాడు రాత్రి బాపే అన్నాడు, నేను అడగకుండానే. "నాకు గోదాములో లక్షా ముప్పై వేలు పోయినయి. డీలరు నాకు తగ్గించిండా? వానికి ఫ్యాక్టరీ తగ్గించిందా? పడ్డ రేటు ఎవడో ఒకడు మొయ్యాలె గద." నేను "కాక కెందుకు?" అన్నాను. "ఆయన కింద ఇంకెవడు లేడు" అన్నాడు బాపు. అది సమాధానమా, ఒప్పుకోలా అన్నది నాకు ఇప్పటికీ తెలియదు. 9,600 అంటే ఎన్ని బీడీలో లెక్కవేయబోయి ఆపేశాను.

2009 నవంబర్ 25న దుబాయి ప్రభుత్వ కంపెనీ దుబాయి వరల్డ్ తన అప్పులు ఇప్పుడు కట్టలేనని ప్రకటించింది. మామూలు రోజుల్లో అయితే మా ఊళ్లో పిడుగు పడ్డట్టుండేది. అప్పటికి మా దగ్గర అదేం పెద్ద వార్త కాలేదు, నాలుగు రోజులకే కేసీఆర్ దీక్ష, ఉస్మానియా, రాస్తారోకోలు, డిసెంబర్ 9 ప్రకటన. దుబాయి నుంచి వాపస్ వచ్చిన పిల్లలే రోడ్ల మీద వంటావార్పుల్లో ముందున్నారు. పని లేని చేతులకు ఒక పని దొరికింది, అదొక్కటే కారణమని మాత్రం అనను. జనవరి 4న బుర్జ్ దుబాయి తెరిచారు, 828 మీటర్లు. అప్పుల్లో మునిగిన దుబాయిని ఆదుకున్న అబుదాబి పాలకుని పేరు పెట్టి బుర్జ్ ఖలీఫా అన్నారు. సెలూన్లో టీవీ చూస్తూ కాక కొడుకు "పేరు గూడ మారిపాయె" అన్నాడు. అంతకు మించి ఏమీ అనలేదు.

మా దుకాణాన్ని దుబాయి ముంచింది, పసుపు తేల్చింది. 2010లో పసుపు క్వింటాలు 15 వేలు దాటింది. మెట్‌పల్లి, ఆర్మూర్ వైపు రైతులు నిజామాబాద్ యార్డు నుంచి నేరుగా మా దుకాణానికి వచ్చి నోట్ల కట్టలు గల్లా మీద పెట్టి సిమెంటు తీసుకుపోయారు, ఖాతా ఊసే లేదు. బాపు పలక మీద మూడో గీతలో దిర్హాం తుడిచేసి పసుపు రాయడం మొదలుపెట్టాడు. రెండేళ్లకు ఆ పసుపు కూడా పడిపోయింది గానీ అప్పటికి డీలరు బాకీ తీరింది.

కాక కొడుకు 2011లో మళ్లీ పోయాడు, ఈసారి ఖతర్. మరుసటి ఏడు మా ఖాతాలో మిగిలిన బాకీ అంతా ఒక్కసారే కట్టారు. కాక స్వయంగా వచ్చాడు, పైసలు లెక్కపెట్టి ఇచ్చాడు, పేజీ మీద అడ్డగీత కొట్టేదాకా నిలబడ్డాడు. చాయ్ వద్దన్నాడు. బాపు "తమ్మీ" అని పిలిచాడు. "ఆఁ, సేటూ" అన్నాడు కాక.

ఆ ఎండాకాలమే ఇల్లు మళ్లీ మొదలైంది. నేను హైదరాబాద్ నుంచి సెలవుల్లో వచ్చి దుకాణంలో కూర్చున్నాను. మధ్యాహ్నం పూట ఒక ట్రాక్టరు కొత్త సలాకలు వేసుకుని మా ముందు నుంచే పోయింది, వెనక సలాకల కొసలు రోడ్డుకు రాసుకుని చప్పుడు చేస్తూ. ట్రాలీలో కాక కూర్చుని ఉన్నాడు. బస్టాండు అవతల కొత్తగా పెట్టిన దుకాణం సరుకు అది, మాది కాదు. కాక మా వైపు చూడలేదు. బాపు ట్రాక్టరు మలుపు తిరిగేదాకా చూశాడు.

"నాలుగేండ్ల కింది సలాకలురా అవి పిల్లర్ల మీదియి. పూత ఎప్పుడో పోయి ఉంటది" అన్నాడు. "తుప్పు మంచిగ గీకినంకనే కొత్తయి కట్టుమని చెప్పిరా పో."

నేను పోలేదు. ఏ ముఖం పెట్టుకుని పోవాలో తెలియలేదు. పొద్దుగూకే వేళ బాపే టీవీఎస్ బయటికి తీశాడు. సలాకలు రుద్దే తీగ బ్రష్షులు రెండు సంచిలో వేసుకుని, దుకాణం చూస్తుండమని నాతో చెప్పి, పెద్దబావి తొవ్వ పట్టాడు.